పాఠం చెప్పాలా, పప్పు లెక్క రాయాలా?

ప్రగతి నగర్‌లో రూములు తీసుకుని ప్రైవేటు స్కూళ్లలో పాఠాలు చెప్తున్న అన్నలారా, అక్కలారా! ఎండాకాలం అడ్మిషన్ల కోసం టీచర్లను ఇల్లిల్లూ తిప్పే ప్రిన్సిపాళ్లు మీకు తెలుసు. తక్కువ జీతం కన్నా ఆ తిప్పుడే మనసు విరిచేస్తది.

మన ఆశ్రమ పాఠశాలల్లో చాలాచోట్ల వార్డెన్ పని కూడా టీచర్ మీదే. పొద్దున పప్పు, బియ్యం లెక్క. రాత్రి పిల్లకు జ్వరమొస్తే దవాఖానకు పరుగు. సీఆర్టీ అయితే ఏటా రెన్యువల్ భయం, హెడ్మాస్టర్‌కు ఎదురు చెప్తాడా? అదే హెడ్మాస్టర్ డ్యూటీలు వంతులేసి పంచితే, ఆఫీసరు ముందు టీచర్ పక్కన నిలబడితే, ఎవరు బదిలీ అడుగుతారు?

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసింది. ఏజెన్సీ టీచర్ పోస్టుల్లో మన 100 శాతం రిజర్వేషన్ పోయింది. మన భాష తెలిసిన ఉన్న టీచర్లనైనా నిలుపుకోవద్దా? ఐటీడీఏ పీవోలను అడుగుదాం: వార్డెన్లను వేరుగా వేయండి. రెన్యువల్‌కు ఎవరి దయా అక్కర్లేకుండా రాతపూర్వక రూల్స్ పెట్టండి.