ఎవరు లెక్కపెట్టారు మామయ్యా?

పోయిన ఆదివారం అక్క కూతురు వీడియో కాల్ చేసింది. తొమ్మిదో క్లాసు. మర్నాడు కెమిస్ట్రీ స్లిప్ టెస్ట్ అట. మొహం చూస్తే అప్పుడే ఏడ్చి లేచినట్టుంది.

"మామయ్యా, 18 గ్రాముల నీళ్లలో 6.022 ఇంటూ 10 పవర్ 23 అణువులు ఉంటాయట కదా. అన్నిటినీ ఎవరు లెక్కపెట్టారు?"

ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఇంటర్ కెమిస్ట్రీలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఎంసెట్ కోసం మోల్ లెక్కలు వందల్లో చేశా. నిద్రలో లేపి అడిగినా ఆ సంఖ్య చెప్పేవాణ్ని. అది ఎక్కణ్నుంచి వచ్చిందని మాత్రం ఒక్కరోజూ అడగలేదు.

"క్లాసులో అడిగితే, అది పరీక్షకి అక్కర్లేదు, బట్టీ పట్టు అన్నారు. అందరూ నవ్వారు. నాకు సైన్స్ రాదులే మామయ్యా. ఇంటర్‌లో సీఈసీ తీసుకుంటా."

సీఈసీ ఇష్టపడి తీసుకుంటే సంతోషమే. కానీ మంచి ప్రశ్న అడిగిన పిల్ల, తనకి సైన్స్ రాదనుకోవడం ఏంటి? "గంటలో చేస్తా తల్లీ" అని ఫోన్ పెట్టేసి చదవడానికి కూర్చున్నా.

గంట తర్వాత ఫోన్ చేసి దాన్ని వంటింట్లోకి పంపించా. 500 బియ్యం గింజలు లెక్కపెట్టి, వాళ్లమ్మ కేకులకి వాడే డిజిటల్ కాటా మీద పొయ్యమన్నా. 6 గ్రాములు చూపించింది.

"ఇప్పుడు చెప్పు, 25 కేజీల బస్తాలో ఎన్ని గింజలుంటాయి?"

కాలిక్యులేటర్ తీసింది. "20 లక్షల పైనే!"

"బస్తా అంతా లెక్కపెట్టావా?"

"లేదు... తూకంతో తెలిసిపోయింది."

అదే కిటుకు. మొత్తం ఎంతో తెలిసి, ఒక్కోటి ఎంతో తెలిస్తే, లెక్కపెట్టకుండానే సంఖ్య దొరుకుతుంది. పరమాణువుని కాటా మీద పెట్టలేం కాబట్టి బరువుకి బదులు కరెంటుతో కొలవచ్చు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కరెంటు పంపితే, ఒక్కో వెండి అయాన్ ఒక్కో ఎలక్ట్రాన్ తీసుకుని వెండిగా పేరుకుంటుంది. ఒక మోల్ వెండి, అంటే 108 గ్రాములు పేరుకోవాలంటే సుమారు 96,500 కూలుంబ్‌ల ఛార్జి కావాలి. ఈ దారి చూపించినవాడు 1830ల్లో ఫారడే. ఇది మన బస్తా.

మరి గింజ? ఒక్క ఎలక్ట్రాన్ ఛార్జి. దాన్ని 1909 నుంచి మిల్లికన్ నూనె బిందువులతో కొలిచాడు. సుమారు 1.6 ఇంటూ 10 పవర్ మైనస్ 19 కూలుంబ్‌లు. బస్తాని గింజతో భాగించండి. మీ ఫోన్‌లోనే చేసి చూడండి. 6 ఇంటూ 10 పవర్ 23 వస్తుంది!

ఇంకో విషయం. ఈ సంఖ్యకి అవొగాడ్రో పేరుంది గానీ, లెక్కపెట్టింది ఆయన కాదు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణం ఉన్న వాయువుల్లో అణువుల సంఖ్య సమానంగా ఉంటుందని 1811లో చెప్పాడు, అంతే. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా ఇన్ని అని సంఖ్యనే ఖాయం చేసేశారు.

అప్పుడు మోల్ కూడా డజను లాంటి మాటే. డజను అరటిపళ్లూ, డజను పుచ్చకాయలూ ఒకే బరువు ఉండవుగా? అలాగే ఒక మోల్ నీళ్లు 18 గ్రాములు, ఒక మోల్ వెండి 108 గ్రాములు. సంఖ్య మాత్రం ఒకటే.

"ఇంతేనా?" అంది. ఆ మాట నేను పదమూడేళ్ల కిందట అనాల్సింది.

స్లిప్ టెస్ట్‌లో 25కి 14 వచ్చాయి. ఎవరు లెక్కపెట్టారన్న ప్రశ్న అందులో లేదు, ఉండదు కూడా. కానీ నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది: "మామయ్యా, కంటికి కనపడని ఎలక్ట్రాన్‌ని నూనె బొట్టుతో ఎలా కొలిచాడు?"

సీఈసీ మాట మళ్లీ ఎత్తలేదు. ఈ ఆదివారం లోపు నేనే చదువుకోవాలి.