డ్రైవర్లకు పునశ్చరణ శిక్షణము

మన దేశమున 2022వ సంవత్సరమున రహదారి ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. ప్రమాదము జరిగినతోడనే డ్రైవరును నిందించుట మనకు పరిపాటియైనది. అతనికి ఆ విద్య గఱపినవారెవ్వరని విచారించువారు అరుదు. క్లీనరుగా చేరి, ఇతరులు నడుపుట చూచి నేర్చినవారే లారీలు నడుపువారిలో పెక్కుమంది. నిండు బరువుతో కనుమ దిగునపుడు బ్రేకును ఎడతెగక త్రొక్కినచో అది వేడెక్కి పట్టు సడలును. తక్కువ గేరులో దిగవలెను. ఇట్టి సంగతులు ప్రాణములు పోయిన పిదప నేర్చుకొనదగినవి కావు.

2019 నాటి చట్టసవరణ ననుసరించి, అపాయకర వస్తువులను గొనిపోవు డ్రైవరు మూడేండ్లకు లైసెన్సు పునరుద్ధరించుకొనునపుడు ఒక దినము పునశ్చరణ శిక్షణము పొందవలెను. తక్కిన లారీ, బస్సు డ్రైవర్లకు గడువు అయిదేండ్లు. వారికి ఆ చట్టమున ఈ నిబంధన లేదు. పెట్రోలు విషయమున చూపిన జాగ్రత్త ప్రయాణికుల ప్రాణములకు అక్కఱలేదా?

కావున ఈ శిక్షణము అందఱికిని విధింపవలెనని మా అభిప్రాయము. అయితే దాని వ్యయమును, ఆ దినపు జీతమును యజమానులే భరింపవలెను. పొట్టకొట్టి యిచ్చు శిక్షణము శిక్షయే యగును. దినమునకు సాధారణముగా ఎనిమిది గంటలకు మించి పనిచేయింపరాదని 2025 వఱకు అమలులో నుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము విధించియుండెను. ఆ పరిమితిని గూడ అమలుపరుపవలెను. నిద్రలేని కంటికి ఏ విద్యయు అక్కఱకు రాదు.