నడుముకు రాడ్లు ఎందుకో చెప్పాలి

అరవై దాటిన మనిషి. సైకిలెక్కితే పొలం దాకా వెళ్లి రాగలడు. నడిచి మాత్రం వీధి చివరి కిరాణా కొట్టుకు కూడా పోలేడు. కాస్త దూరం పోయేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా లాగేస్తుంది, తిమ్మిరెక్కుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. ఏ అరుగు మీదో కూర్చుంటే తగ్గుతుంది. లేచి నడిస్తే మళ్లీ మొదలు. ఇంట్లోవాళ్లు వయసు మీదపడిందంటారు, మందుల షాపులో నొప్పి బిళ్లలిస్తారు. నడుము దగ్గర వెన్ను కాలువ ఇరుకైనప్పుడు కనిపించే లక్షణాలివి. డాక్టర్లు దీన్ని లంబార్ కెనాల్ స్టెనోసిస్ అంటారు.

వయసు పెరిగేకొద్దీ డిస్క్ వెనక్కి ఉబ్బుతుంది. పూసల వెనకున్న కీళ్లు లావెక్కుతాయి, వాటిని కలిపే లిగమెంటు దళసరి అవుతుంది. అన్నీ కలిసి లోపలి నరాలను నొక్కుతాయి. ఇది ఎక్కువగా నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య జరుగుతుంది. ముందుకు వంగితే కాలువ కొంచెం తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే ఇంకా బిగుస్తుంది. సైకిల్ మీద రాని నొప్పి నడకలో రావడానికి కారణం అదే. కాళ్లకు రక్తం చాలకపోయినా నడిస్తే నొప్పి వస్తుంది కానీ, ఆ రోగులకు ఆగి నిలబడితే చాలు. వెన్ను కాలువ ఇరుకైనవాళ్లు కూర్చోవాలి, లేదా వంగాలి. నెదర్లాండ్స్ న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్ 1954లోనే ఈ జబ్బును వివరంగా రాసిపెట్టాడు.

జబ్బు కథ రోగి నడకలో ఉంటే, మన దగ్గర చాలాచోట్ల నిర్ణయం ఎమ్మారై ఫిల్ములో జరిగిపోతోంది. 1990లో అమెరికాలో నడుము నొప్పి గానీ కాలి నొప్పి గానీ ఎన్నడూ లేని 67 మందికి ఎమ్మారై తీశారు. అందులో అరవై దాటినవాళ్లలో 21 శాతం మందికి వెన్ను కాలువ ఇరుకుగానే కనిపించింది. వాళ్లంతా హాయిగా తిరుగుతున్నవాళ్లే. ఫిల్ము చూసి ‘నరాలు నలిగిపోయాయి, వెంటనే ఆపరేషన్ చేయకపోతే మంచాన పడతారు’ అని భయపెట్టడం అన్యాయం. ఈ జబ్బు చాలామందిలో నెమ్మదిగా నడుస్తుంది. కొందరిలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, కొందరిలో తగ్గుతుంది కూడా. 2015లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 169 మందిని సగం ఆపరేషన్‌కు, సగం ఫిజియోథెరపీకి కేటాయించారు. రెండేళ్లకు రెండు వర్గాల మెరుగుదలా ఒకేలా ఉంది. అయితే ఫిజియోథెరపీ వర్గంలో సగానికి పైగా మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే వ్యాయామంతో మొదలుపెట్టడంలో నష్టం లేదు, అది చాలనివాళ్లూ ఉంటారు. నడుములోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మీద పెద్ద ఆశ అనవసరం. 2014లో 400 మందిపై పరీక్షిస్తే, ఆరు వారాలకు ఉత్త మత్తుమందు ఇంజెక్షన్ కంటే అవి పెద్దగా మేలు చేయలేదు.

అలాగని ఆపరేషన్ వద్దనడం కాదు. నెలల తరబడి మందులు, వ్యాయామం చేసినా గుడికీ బజారుకూ పోలేక ఇంటికే పరిమితమైనవాళ్లకు అది నిజంగా మేలు చేస్తుంది. ‘వెన్నుపూస ఆపరేషనా? కాళ్లు పడిపోతాయి’ అన్న భయం ఊళ్లలో ఎందరినో గడప దాటనివ్వడం లేదు. వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు పూసల దగ్గర ముగిసిపోతుంది. కింద ఉండేవి విడివిడి నరాలు. అక్కడ చేసే ఆపరేషన్‌లో కాళ్లు పూర్తిగా చచ్చుబడటం చాలా అరుదు. నరాల మీది పొర చిరగడం, ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు మాత్రం ఉన్నాయి. ఏళ్ల తర్వాత మళ్లీ ఇరుకు కావచ్చు. కాళ్ల నొప్పి తగ్గినంతగా నడుము నొప్పి తగ్గకపోవచ్చు. ఇవన్నీ ముందే విప్పి చెప్పాలి.

అసలు ఆపరేషన్‌లో చేసేది కాలువను వెడల్పు చేయడం. పూస వెనక భాగంలోని ఎముకను కొంత, దళసరెక్కిన లిగమెంటును తీసేసి నరాల మీది ఒత్తిడి తగ్గిస్తారు. దీన్ని డీకంప్రెషన్ అంటారు. పెద్ద కోతతో చేసినా, మైక్రోస్కోపు పెట్టి చిన్న గాటుతో చేసినా పని అదే. దీనికి తోడు పూసలకు స్క్రూలు బిగించి, రాడ్లు వేసి, రెండు పూసలు అతుక్కునేలా చేయడం ఫ్యూజన్. రోగి అడగాల్సిన ప్రశ్న ఇక్కడే ఉంది.

అమెరికాలో 2002 నుంచి 2007 మధ్య, వృద్ధులకు ఈ జబ్బుకు చేసే సంక్లిష్టమైన ఫ్యూజన్లు 15 రెట్లు పెరిగాయి. అన్నేళ్లలో మనుషుల వెన్నెముకలు 15 రెట్లు చెడిపోలేదు. ఉత్త డీకంప్రెషన్‌లో ప్రాణాపాయకరమైన సమస్యలు 2.3 శాతం మందికి వస్తే, సంక్లిష్టమైన ఫ్యూజన్‌లో 5.6 శాతం మందికి వచ్చాయి. ఖర్చు మూడింతలకు పైనే. ఈ లెక్కలు 2010లో బయటపడ్డాయి. ఆ అదనపు ప్రమాదానికి తగ్గ లాభం ఉందా అని స్వీడన్ వైద్యులు 247 మందిపై పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. రాడ్లు వేసినవాళ్లూ వేయనివాళ్లూ రెండేళ్లకీ ఐదేళ్లకీ ఒకేలా ఉన్నారు. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు వర్గాల్లోనూ అయిదో వంతు దాకా ఉన్నారు. రాడ్లు వేసినవాళ్లు ఆస్పత్రిలో సగటున ఏడు రోజులు పైగా ఉంటే, మిగతావాళ్లు నాలుగు రోజులకే ఇంటికెళ్లారు.

‘పూస జారింది కాబట్టి రాడ్లు తప్పవు’ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. నార్వేలో సరిగ్గా అలా పూస జారిన 267 మందిని పరిశీలించారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండు పద్ధతుల్లోనూ పదిమందిలో ఏడుగురికి చెప్పుకోదగ్గ ఉపశమనం దొరికింది. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. అమెరికాలో 66 మందిపై జరిగిన మరో పరీక్షలో రాడ్లు లేనివాళ్లలో 34 శాతం, ఉన్నవాళ్లలో 14 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పూస కదిలిపోతున్నా, వెన్నెముక పక్కకు బాగా వంగిపోయినా, ఒత్తిడి తీయాలంటే కీలు మొత్తం తొలగించక తప్పకపోయినా ఫ్యూజన్ అవసరమే. ఈ కారణాలేవీ లేనప్పుడు మామూలు డీకంప్రెషన్‌తో మొదలుపెట్టడమే న్యాయం.

కొత్త పరికరం వచ్చిందంటే మోజు పడటానికి ముందు నెదర్లాండ్స్ అనుభవం గుర్తుంచుకోవాలి. ఎముక తీయనక్కరలేదంటూ పూసల ముళ్ల మధ్య బిగించే పరికరాన్ని 2013లో అక్కడ పరీక్షిస్తే, అది పెట్టించుకున్నవాళ్లలో 29 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ అయింది. మామూలు డీకంప్రెషన్‌లో ఆ సంఖ్య 8 శాతం.

తెలుగు నేలకు సంబంధించి మరో మాట. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గ్రామాల్లో లిగమెంట్లే ఎముకలా గట్టిపడి మెడలోనో వీపులోనో వెన్నుపామును నొక్కేయవచ్చు. కాళ్లు బిగుసుకుపోవడం, చేతి వేళ్లు పట్టు తప్పడం ఉంటే నడుము స్కానింగ్ ఒక్కటే సరిపోదు, పై భాగమూ చూడాలి. ఇక ఒంటికి, రెంటికి వెళ్లే ప్రదేశం చుట్టూ మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, పాదం హఠాత్తుగా వాలిపోయినా వ్యాయామం, రెండో అభిప్రాయం అంటూ ఆగకూడదు. ఆ పూటే ఆస్పత్రికి చేర్చాలి.

మిగతావాళ్లకు సమయం ఉంటుంది. నిమ్స్, స్విమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి చోట్ల న్యూరోసర్జరీ విభాగాలున్నాయి, మరో సర్జన్‌కు ఫిల్ములు చూపించుకోవచ్చు. నిలబెట్టి, ముందుకీ వెనక్కీ వంచి తీసే ఎక్స్‌రేలో పూస కదులుతోందో లేదో చాలావరకు తెలుస్తుంది. ఆ ఎక్స్‌రేకి అయ్యే ఖర్చూ తక్కువే. రాడ్లు వేస్తామంటూ అనుమతి కోరిన ప్రతి కేసులోనూ ఆ ఎక్స్‌రేను, ఉత్త డీకంప్రెషన్ ఎందుకు చాలదో చెప్పే రాతపూర్వక కారణాన్ని ఆరోగ్యశ్రీ అధికారులు, బీమా కంపెనీలు తప్పనిసరి చేయాలి. ఆ కారణం సంతకం పెట్టబోయే రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి.