ముక్క ఎక్కడిది?

అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు అంటుంది మా జేజి. నిజమే. కానీ మా కోయిలకుంట్లలో శనగలు కొనే వ్యాపారి అలా నమ్మడు. గోతాంలోకి ఇనుప గొట్టం పొడిచి, పైనుంచి కొన్ని, అడుగునుంచి కొన్ని తీసి, అరచేతిలో పోసుకుని చూస్తాడు. గోతాం అంతా ఒకేలా ఉండదని ఆయనకు తెలుసు.

మెదడులో గడ్డ కూడా గోతాం లాంటిదే. ఈ సంగతి మా చిన్నాయన వల్ల తెలిసింది. గడ్డ లోతుగా ఉంది, మొత్తం తీయలేమని సూదితో చిన్న ముక్క తీశారు. రిపోర్టులో గ్రేడ్ 2. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కొన్ని నెలలకే మాట తడబడింది. ఈసారి వేరే చోట ముక్క తీస్తే గ్రేడ్ 4. ఈలోపు గడ్డ ముదిరిందా, మొదటి సూది నెమ్మదైన భాగంలో దిగిందా, ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆ నెలలు మాత్రం తిరిగి రావు.

తప్పు డాక్టర్లదని అనను. గ్లియోమా అనే రకం గడ్డలో ఒక పక్క నెమ్మదిగా, ఇంకో పక్క వేగంగా పెరుగుతుంది. గ్రేడ్ ఇచ్చేది ముదిరిన భాగాన్ని బట్టి. ఆపరేషన్ చేసి గడ్డ తీయగలిగితే చూడ్డానికి బోలెడంత దొరుకుతుంది. సూదితో అయితే మెతుకంత. ఎక్కువసార్లు పొడిస్తే రక్తస్రావం భయం. అందుకే ఎంఆర్ఐలో మందు ఎక్కించాక మెరిసే చోటును గురి చూస్తారు, ముక్క సరైనదేనా అని ఆపరేషన్ మధ్యలోనే మైక్రోస్కోపులో చూస్తారు. 2021 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ లాంటి జన్యు పరీక్షలూ కలిపి పేరు పెడతారు. వాటికీ చాలినంత ముక్క కావాలి.

ఇక మన సంగతి. మన డిపార్ట్‌మెంట్‌లో ఏటా ఎవరో ఒకరు 'బ్రెయిన్ ట్యూమర్ డిటెక్షన్' ప్రాజెక్ట్ చేస్తారు. నేనూ చేశా. యాక్యురసీ 98 శాతం అని స్లైడ్‌లో పెద్దక్షరాలతో పెట్టుకున్నా. కానీ దేంతో పోల్చి 98? గ్రేడ్ లేబుల్ చాలాసార్లు ఒక ముక్క చూసి రాసిందే. ముక్క తప్పు చోటిదైతే మన మోడల్ ఆ తప్పునే శ్రద్ధగా నేర్చుకుంటుంది.

అందుకే నా మాట ఒక్కటే. డేటాసెట్ డౌన్‌లోడ్ చేసే ముందు లేబుల్ ఎలా వచ్చిందో చదవండి. ఇంట్లోవాళ్లకు బయాప్సీ రిపోర్ట్ వస్తే డాక్టర్ గారిని అడగండి: ముక్క ఎక్కడిది, ఎన్ని తీశారు, స్కాన్‌తో సరిపోతోందా? శనగల వ్యాపారికి ఉన్నపాటి అనుమానం మనకూ ఉండాలి కదా!