ఎర్రనీళ్ల సీసాకి కుక్క భయపడుతుందా?

మా వీధిలో ఇరవై రెండు ఇళ్లుంటే పద్నాలుగు గేట్ల ముందు రంగునీళ్ల సీసాలున్నాయి. కూల్‌డ్రింకు తాగేసిన సీసాల్లో కొందరు కుంకుమ కలిపారు, కొందరు నీలిమందు కలిపారు. మీ వీధిలోనూ ఉండే ఉంటాయి. ఎందుకండీ అంటే కుక్కలు రావంటారు. ఎరుపు వాళ్లనడిగితే నెత్తురనుకుని జడుసుకుంటాయట. నీలం వాళ్లనడిగితే ఎండకి మెరిసి కళ్లు చెదురుతాయట. ఈ మనుషులే ఇంకో రోజు "కుక్కలకి రంగులెక్కడ తెలుస్తాయి, వాటికంతా బ్లాక్ అండ్ వైటే కదా" అంటారు. రంగే తెలియని జంతువుని రంగునీళ్లతో ఎలా బెదిరిస్తామో ఒక్కరూ ఆలోచించరు.

ఆ రెండు మాటలూ తప్పే. మన కంటి లోపలి పొరలో రంగుల్ని పట్టే శంకువు కణాలు మూడు రకాలు. కుక్కకి రెండే రకాలు. రెండున్నాయంటే రంగులు లేవని కాదు, మనకంటే తక్కువున్నాయని. 1989లో అమెరికాలో, సాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, జే నీట్జ్, జెరాల్డ్ జేకబ్స్ బృందం మూడు కుక్కలకి శిక్షణనిచ్చి చూసింది. మూడు వెలుగు పలకలు పెట్టి, మిగతా రెంటికంటే వేరే రంగున్నదాన్ని గుర్తుపడితే తినడానికి పెట్టేవారు. నీలం, పసుపు కుక్కలకి బాగానే తెలుస్తాయనీ, ఎరుపు, ఆకుపచ్చల మధ్యే తడబడతాయనీ తేలింది. 2013లో రష్యా శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. ముదురు, లేత తేడాని చూసి కుక్క గుర్తుపెట్టుకుంటుందా, రంగుని చూసి గుర్తుపెట్టుకుంటుందా అని నీలం, పసుపు కాగితాలతో పరీక్షిస్తే, ఎక్కువసార్లు రంగునే నమ్ముకుంది. బ్లాక్ అండ్ వైట్ కథ అక్కడితో పోవాలి. పోలేదు, మన పిల్లలకి మనమే చెబుతున్నాం.

(ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియని మనుషులు కూడా ఉన్నారు. వాళ్లలో చాలామంది మగవాళ్లే. మెరూన్ చీర తెమ్మంటే ముదురాకుపచ్చది పట్టుకొచ్చిన మొగుణ్ణి తిట్టేముందు ఓసారి కళ్ల డాక్టరుకి చూపించండి. కుక్క లోకం దాదాపు వాళ్ల లోకంలాంటిదే.)

ఇప్పుడా ఎర్రనీళ్ల సీసాని కుక్క కంటితో చూడండి. కెంపు, చెంగావి, జేగురు, కుంకుమ రంగు అని మనం ముచ్చటగా విడదీసి చెప్పుకునే ఎరుపులన్నీ దానికి గోధుమా బూడిదా కాని ముదురు మసక. అందులో నెత్తురు కనబడేది మనకే. పోనీ నెత్తురే కనబడిందనుకోండి, మాంసం కొట్టు ముందు తోకూపుకుంటూ కూచునే జంతువు నెత్తురు చూసి పారిపోతుందా? ఇక నీలం సీసా నీలంగానే కనబడుతుంది. కనబడితే? ఆకాశమూ నీలమే, దానికి జడిసి ఏ కుక్కా ఇంట్లో దాక్కోలేదు.

"మేం పెట్టాక రావట్లేదు" అంటారు మా ఎదురింటి పిన్నిగారు. కొత్త వస్తువేది పెట్టినా కుక్క ఒకటి రెండు రోజులు వాసన చూస్తూ అనుమానంగా తిరుగుతుంది. ఆ తర్వాత ఆ సీసా మీదే కాలెత్తుతుంది. పిన్నిగారి గేటు దగ్గర నేనే చూశాను.

"పోనీలెద్దూ, ఖర్చేముంది, ఎవరికేం నష్టం" అనే మాటకే నాకు ఒళ్లు మండుతుంది. నష్టముంది. రెండు వైపులా సీసాలున్న గేటు దగ్గరే మొన్న వేసవిలో మా పనమ్మాయిని కుక్క కరిచింది. ఆ ఇంటివాళ్లు "మా దగ్గరికి రావే" అని ఆశ్చర్యపోయి, గాయం మీద పసుపు అద్ది పంపించారు. కుక్కలకి ఒక రంగు, కాటుకి ఇంకో రంగు! కరిచిన వెంటనే చెయ్యాల్సింది కుళాయి కింద పెట్టి పదిహేను నిమిషాలు సబ్బుతో కడగడం, వెంటనే ఆస్పత్రికెళ్లి టీకా వేయించడం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. ఆ పిల్ల మా ఇంటికొచ్చింది గనక కడిగి ఆస్పత్రికి తీసికెళ్లాను. ఇంకో ఇంటికెళ్లుంటే?

సీసాలున్నాయన్న ధీమాతోనే గేటు తెరిచి పసిపిల్లల్ని వదిలేస్తున్నాం. ఆ ధీమాతోనే ఎంగిలాకులు, కోడి బొచ్చె గోడవారగా పారేస్తున్నాం. ఆ వాసన కుక్కని పిలుస్తుంటే సీసాలో నీళ్లు ఏ రంగైతేనేం?

పిల్లుల విషయంలోనూ ఇంతే. పిల్లి కూడా నీలం, పసుపు వైపు రంగుల్నే కాస్త పోల్చుకుంటుంది, అదీ మనకంత నిండుగా కాదు. దాని బలం చీకట్లో ఉంది. మసక వెలుతురులో పనిచేసే దండాల కణాలెక్కువ, వాటి వెనక వెలుతుర్ని మళ్లీ కంట్లోకి తిప్పికొట్టే అద్దంలాంటి పొర. రాత్రి పిల్లి కళ్లు మెరిస్తే దయ్యమని పిల్లల్ని భయపెట్టే పెద్దలకి ఆ మెరుపు మన టార్చిలైటుదేనని చెప్పాలి. కదలిక చాలు పిల్లికి. అయినా కొట్టుకెళితే పిల్లి బొమ్మలూ, కుక్క బంతులూ సగం ఎర్రవే, ఎందుకంటే డబ్బులిచ్చేది మన కళ్లు. పచ్చగడ్డి మీద ఎర్రబంతి విసిరి, వెతుక్కోలేకపోతే "మొద్దు కుక్క" అంటారు. నీలం బంతి విసిరి చూడండి, ఎవరు మొద్దో తెలుస్తుంది.

వచ్చే ఆదివారం మా వీధి మీటింగుంది. కొత్త సీసాల కోసం ఇంటికి యాభై రూపాయలు వసూలు చేస్తారట. నేనివ్వను. ఈ వీధిలో తిరిగే కుక్కలెన్ని, వాటిలో చెవి కొస కత్తిరించిన గుర్తుతో ఆపరేషనైనవెన్ని, రేబిస్ టీకా పడినవెన్ని, మునిసిపాలిటీకి అర్జీ పెట్టిందెవరు, ఇవి అడుగుతాను. పిన్నిగారికి కోపమొస్తుంది, రానివ్వండి.