పంక్తి తరువాతనే దర్శనం

సిక్ఖు గురుపరంపరలో తృతీయులైన గురు అమర్‌దాస్ (1479–1574) తొలుత వైష్ణవ భక్తులు. ఏటేటా హరిద్వారానికి వెళ్లి గంగాస్నానం ఆచరించేవారు. షష్టిపూర్తి దాటిన వయస్సులో, సోదరుని కోడలైన బీబీ అమ్రో కంఠాన గురునానక్ వాణిని ఆలకించి, ఆమె తండ్రి గురు అంగద్‌ను ఆశ్రయించారు. స్వపుణ్యార్థం తీర్థాలకు నడిచిన ఆ పాదాలే, అటుపిమ్మట ప్రతిదినం వేకువకు ముందే గురుస్నానార్థం బియాస్ నదీజలాన్ని తెచ్చేందుకు నడిచాయని సంప్రదాయం.

1552లో గురుపీఠాన్ని అధిష్ఠించిన ఆయన గోయింద్వాల్‌లో ఒక నియమాన్ని దృఢపరచారు: దర్శనార్థి ఎవరైనా ముందుగా లంగరు పంక్తిలో అందరితో కూర్చుని భుజించాలి. అక్బరు పాదుషా సైతం ఆ నియమాన్ని పాటించాడని సిక్ఖుల విశ్వాసం.

దీనిని కేవలం అన్నదానమనడం అసమగ్రం. దానంలో దాతృత్వాభిమానం మిగిలిపోవచ్చు. సహపంక్తిలో ఆ అభిమానానికి ఆసనం లేదు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని ఉచ్చరిస్తూనే పంక్తిభేదం పాటించేవారు తమ వాక్కును తామే ఖండించుకుంటున్నారు. వడ్డించేవానికీ భుజించేవానికీ మధ్య తారతమ్యం తొలగనంతవరకు గర్భాలయంలో ఎంత సేపు నిలిచినా దర్శనం అసంపూర్ణమే. గురుద్వారాలలో నేటికీ అవిచ్ఛిన్నంగా సాగుతున్న ఆ పంక్తి నుండి దేవాలయ అన్నసత్రాలు గ్రహించవలసినది ఇదే.