పోగుల మీద పరుగు

కోనసీమలోని బండారులంక వీధుల్లో మగ్గం చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. మునుపటి జోరు లేదు, అది వేరే సంగతి. మామ్మ అరుగు మీద కండెలు చుట్టుకుంటూ ఉంటే, పక్కనే మనవడు ఫోనులో కారు వీడియో చూస్తుంటాడు. నిలబడ్డ కారు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 1.86 సెకన్లు చాలట. పదమూడో ఎక్కం దగ్గర తడబడే కుర్రాడు ఈ అంకెను మాత్రం తడుముకోకుండా చెబుతాడు. "ఏం కొంప మునిగిందిరా, అంత తొందర?" అని మామ్మ అడిగితే వాడి దగ్గర జవాబుండదు.

కోనసీమలో ఆ ప్రశ్న న్యాయమైనదే. ఓ పక్క పంటకాలవ, ఓ పక్క కొబ్బరితోట, ఎదురుగా బస్సొస్తే పక్కకు ఒదగాల్సిన రోడ్డు. ఎంత గొప్ప కారైనా ఇక్కడ ధాన్యం ట్రాక్టరు వెనకాల బుద్ధిగా రావలసిందే.

వాడు చూసేది బటిస్టా అనే కారు. తయారయ్యేది ఇటలీలోనే అయినా కంపెనీ మహీంద్రా వారిది. అందుకని కాస్త మనదని కూడా చెప్పుకోవచ్చు. 1930లో టురిన్‌లో కార్లకు ఒళ్లు కట్టే పనిశాల తెరిచిన బటిస్టా ఫరీనా పేరే దీనికి పెట్టారు. మొత్తం 150 కార్లకు మించి చేయబోమన్నారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు కార్ల పోటీ జరిగింది కదా, ఆ సందర్భంలో ఇదీ హైదరాబాద్ వచ్చింది.

దీనికి పెట్రోలుతో పనిలేదు. నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు, అన్నీ కలిపి 1,900 గుర్రాల బలం. అంత బలం ఒక్కసారిగా మీద పడితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం ఆ బలానికి తగ్గట్టు కదలదు. ఏ చక్రానికి నేల ఎంత పట్టు ఇస్తోందో క్షణక్షణం కనిపెట్టి, దానికి అంతే బలం కొలిచి ఇవ్వాలి. 1.86 సెకన్ల పరుగు వెనకున్న విద్యలో సగం అదే.

రెండో సగం గురించి తెలిసినప్పుడు మాత్రం బండారులంక వైపు మనసు లాగింది. ఈ కారు ఎముకల గూడూ, పైనున్న ఒళ్లూ గుడ్డతో చేసినవి. నిజంగా గుడ్డే. దాని పేరు కార్బన్ ఫైబర్. ఒక రకం సింథటిక్ దారాన్ని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలిస్తే నల్లటి పోగు మిగులుతుంది. మన తల వెంట్రుకలో పదో వంతు లావుంటుందేమో. అలాంటివి మూడు వేలు, ఒక్కోసారి పన్నెండు వేలు కలిపి ఒక దారం. ఆ దారాన్ని పడుగుగా పరిచి, పేకగా దూర్చి మగ్గం మీద నేస్తారు. యంత్రపు మగ్గమే గానీ పని అదే. మనవాళ్లు పడుగుకు గంజి పెట్టినట్టు, అక్కడ గుడ్డకు జిగురు పట్టిస్తారు.

ఆ తర్వాతది చేతిపని. జిగురు పట్టిన గుడ్డను ముక్కలుగా కోసి అచ్చుల్లో పొర మీద పొర పరుస్తారు. ఒక పొర నిలువుగా, ఒకటి అడ్డంగా, మరొకటి ఏటవాలుగా. పోగు తన పొడవునా లాగితే ఎంతకైనా ఓర్చుకుంటుంది, పక్కకు లాగితే ఓర్చుకోలేదు. అందుకని బరువు ఎటునుంచి వస్తుందో ముందే ఊహించి పోగుల దిశ నిర్ణయిస్తారు. ఒక్క గాలి బుడగ కూడా మిగలకుండా వేళ్లతో అద్ది, పెద్ద పొయ్యిలో ఒత్తిడి పెట్టి కాలుస్తారు. అప్పుడది ఉక్కు కన్నా తేలిక, ఉక్కు కన్నా గట్టి.

ఇలాంటి ఖరీదైన కార్లలో కొన్నింటికి రంగు వేయకుండా నేత కనిపించేలా వదిలేస్తారు. అప్పుడు ఎడమవైపు గీతలూ కుడివైపు గీతలూ బానెట్ నడిమధ్యన పోగుకు పోగు కలవాలి. పట్టుచీర అంచుల్లో బుటా తప్పితే కట్టుకున్నావిడ కన్నా ముందు నేసినాయనే బాధపడతాడు. అక్కడా అంతేనట. మూడు వందల కిలోమీటర్ల వేగంలో ఆ గీతలు ఎవరికి కనిపిస్తాయి? అయినా కలపాల్సిందే.

ఇంకో ముచ్చట. కరెంటు కారు పెద్దగా చప్పుడు చేయదు కాబట్టి ఇంజనీర్లు కూర్చుని దీనికో శబ్దం తయారుచేశారు. 54 హెర్ట్జ్ దగ్గర మొదలై వేగంతోపాటు పైకి వెళ్తుంది. మగ్గానికి ఆ బాధ లేదు, తన చప్పుడు తనే తెచ్చుకుంది.

ఈ గుడ్డ కారు సంగతి బండారులంకలో ఒక నేత పెద్దాయనతో చెబితే, ఆయన వేగం అడగలేదు, ధర అడగలేదు. "పోగు తెగితే ఏం చేస్తారండీ?" అన్నాడు.

దెబ్బతిన్నచోట పొరలను మెట్లుమెట్లుగా చెక్కి, ఒక్కో పొరకూ అదే నేత, అదే వాలు ఉన్న ముక్క అతికి, మళ్లీ కాలుస్తారని చెప్పాం.

"రంగెయ్యకపోతే అతుకు కనబడిపోద్ది కదండీ?"

కనబడకుండా చేయడమే కష్టమట, అన్నాం.

"ఆయ్, అక్కడుందండీ పనంతా!" అన్నాడాయన, మహా తృప్తిగా.